షోళింగనల్లూరి తెలుగువారు: ఊరు, ఓటు, ఇల్లు

ఒకచోట నివసించుట వేరు. ఆ చోటు తనదని తలంచుట వేరు. మొదటిదానికి అద్దెయింటి తాళపుచెవి చాలును. రెండవదానికి ఆ ప్రాంతపు రాజకీయములతో మనసు కలియవలెనని పలువురి అభిప్రాయము. ఈ అభిప్రాయము ఎంతవరకు నిలుచునో పరిశీలించుటకు చెన్నపురి దక్షిణ భాగమందలి షోళింగనల్లూరు తగిన స్థలము.

పాత మహాబలిపురము రోడ్డుమీద నున్న ఈ ఊరు 2011లో చెన్నై నగరపాలక సంస్థలో చేరినది. ఎల్కాట్ ప్రత్యేక ఆర్థిక మండలము, కంప్యూటరు సంస్థలు ఇచ్చట నెలకొనుటచే తెలుగునాటినుండి ఎందరో ఉద్యోగులు కుటుంబములతో వచ్చి చేరిరి. వారి జీతము, పిల్లల చదువు, త్రాగునీరు అన్నియు ఇచ్చటివే. రాజకీయ చర్చ మాత్రము తరచుగా కృష్ణా గోదావరీ తీరములది.

ఎన్నికల వేళ ఈ భేదము స్పష్టపడును. 2024లో లోక్‌సభ ఎన్నికలకు తమిళనాట ఏప్రిల్ 19న పోలింగు జరిగినది. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను మే 13న జరిగినది. ఓటర్ల జాబితాలో పేరు స్వగ్రామమున నిలుపుకొన్న వానికి మొదటి తేదీ ఒక సెలవుదినము. రెండవది ప్రయాణపు దినము. తలిదండ్రులు, పొలము ఉన్న ఊరిపై మమత సహజమే, దానిని తప్పుపట్టరాదు. అయినను చట్టము చెప్పునది వేరు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఒకని పేరు ఒకటికి మించిన నియోజకవర్గములలో ఉండరాదు. ఎవడు ఎచ్చట సాధారణముగా నివసించునో అచ్చటనే వాని పేరు నమోదు కావలెను. ఒక ఊరిలో సొంత యిల్లు ఉన్నంతమాత్రమున అచ్చటి నివాసిగా ఎన్నబడడు. ఇందు గమనింపదగినది ఒకటి కలదు. చట్టము వాని భాషను అడుగలేదు, పక్షమును అడుగలేదు. ఉనికిని మాత్రమే అడిగినది.

ఈ నియమము వెనుక లౌకిక ప్రయోజనము లేకపోలేదు. 2015, 2023 సంవత్సరముల డిసెంబరు వరదలలో దక్షిణ చెన్నపురి పల్లపు వీధులు నీట మునిగినవి. ఆ నీటిని తోడింపుమని అడుగవలసినది ఇచ్చటి ప్రతినిధినే గాని స్వగ్రామపు ప్రతినిధిని కాదు. 2022 ఫిబ్రవరిలో నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగినప్పుడు ఇచ్చటి జాబితాలో పేరు లేనివారికి ఆ ప్రతినిధిని ఎన్నుకొను అవకాశము లేకపోయెను.

“ఇచ్చటి ద్రావిడ రాజకీయము మనది కాదు గదా” యని కొందరందురు. చరిత్ర ఇందుకు అంగీకరింపదు. 1916లో జస్టిస్ పార్టీని స్థాపించినవారిలో ముఖ్యుడగు పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు కుటుంబమునకు చెందినవాడు. త్యాగరాయనగరము ఆయన పేరనే వెలసినది. 1921 నుండి 1926 వరకు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా నున్న పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు తెలుగువాడు. ఆ పార్టీయే 1944లో సేలమున ద్రావిడ కళగముగా మారినది. 1949లో దానినుండి చీలినది ద్రావిడ మున్నేట్ర కళగము. కాగా, నేడు పరాయిదిగా తోచు రాజకీయపు పునాదిలో తెలుగువారి రాళ్లును కలవు.

అభిప్రాయభేదము తీవ్రమైనప్పుడు సహితము ఇల్లు ఇల్లుగానే నిలిచినది. చెన్నపట్టణముపై హక్కు వదలుకొన్నచో ఆంధ్రరాష్ట్రము ఏర్పడవచ్చునని 1949లో నెహ్రూ, పటేలు, పట్టాభి సీతారామయ్యల సంఘము సూచించినది. మైలాపూరులో బులుసు సాంబమూర్తి యింట నిరాహారదీక్ష సాగించిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న అసువులు బాసెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా అవతరించెను. చెన్నపట్టణము మద్రాసు రాష్ట్రమునకే మిగిలెను. వాదము ఓడినది, కాని వాదించినవారందరు ఊరు విడువలేదు. 1957 నాటి ‘మాయాబజార్’ వడపళని స్టూడియోలలోనే రూపొందినది.

ఇటీవలి వివాదమును ఇట్టిదే. 2006 నాటి చట్టముచే పాఠశాలలలో తమిళము క్రమముగా నిర్బంధపాఠ్యమైనది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థుల పదవతరగతి పరీక్ష ప్రశ్నార్థకమాయెను. వారి పక్షమువారు న్యాయస్థానముల నాశ్రయించిరి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ యేటి పరీక్షకు తమిళమునుండి మినహాయింపు నిచ్చినది. తమిళము నేర్వమని వారు వాదింపలేదు. తల్లిభాషకు చోటుండవలెనని వాదించిరి. రాజ్యాంగపు 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకుల భాషకు, విద్యాలయములకు రక్షణ కల్పించినవి. ఆ రక్షణ ఉన్నచోటినే విడువక అడుగువానికి ఉపకరించును.

దీనినిబట్టి తేలునది ఇది. రాజకీయములు కలిసినచోటే ఇల్లగుననుట పొరపాటు. ఆ చోటి తగవులలో పాలు పంచుకొన్నప్పుడే అది ఇల్లగును. విందునకు వచ్చిన చుట్టము వంట నచ్చకున్నను మెచ్చుకొని వెడలిపోవును. ఇంటివాడు ఉప్పు తక్కువైనదని చెప్పును. మరునాడును ఆ పంక్తిలోనే కూర్చుండును. షోళింగనల్లూరి తెలుగువాడు తాను చుట్టమో, ఇంటివాడో తేల్చుకొనవలసియున్నది.