ఎవరి పేరున పాట మోగుతోంది?

ఆదికాండము 27వ అధ్యాయం మన సంఘాలకు బాగా తెలిసినదే. చూపు మందగించిన ఇస్సాకు ఎదుట యాకోబు తన అన్న ఏశావు బట్టలు వేసుకుని నిలబడ్డాడు. స్వరం విషయంలో ఇస్సాకుకు అనుమానం కలిగింది. అయినా చేతులను తడిమి, బట్టల వాసన చూసి దీవెన ఇచ్చేశాడు. వచ్చినవాడు ఎవరన్నది కాదు, ఏమి ధరించి వచ్చాడన్నదే ఆ రోజు లెక్కలోకి వచ్చింది.

నేడు మన ఫోన్లలోని సేవలు కూడా ఇంచుమించు అలాగే మనలను గుర్తుపడుతున్నాయి. ఈ మధ్య గాయక బృందాల్లోని యౌవనస్థులు పాటల జాబితాలు తయారు చేసే పనిని ఏఐ ఏజెంట్లకు అప్పగించడం మొదలుపెట్టారు గనుక, ఈ సంగతిని కొంత వివరంగా చెప్పడం మంచిదని తలంచాము.

ఏజెంటు అంటే మనం చెప్పిన పనిని మన తరఫున చేసిపెట్టే సాఫ్ట్‌వేర్. ఇలాంటి ఏజెంట్లను బయటి సేవలతో కలపడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని విడుదల చేసింది. ఆ పద్ధతిలో స్పాటిఫై వంటి పాటల సేవకు ఏజెంటును కలిపే పనిముట్లు కూడా వచ్చాయి. "క్రిస్మస్ సాధనకు పది పాటలు జాబితాలో చేర్చు" అంటే చాలు, ఏజెంటు చేర్చేస్తుంది.

అయితే ఏ అకౌంట్‌లో చేర్చింది? ఇక్కడే జాగ్రత్త అవసరం. గాయక బృంద నాయకునికి ఇంటి అకౌంట్ ఒకటి, సాధన కోసం మరొకటి ఉంటాయి. కొన్ని పనిముట్లు రెండింటినీ దగ్గర ఉంచుకుని, అడిగినప్పుడు ఒకదాని నుండి మరొకదానికి మారుతాయి.

లోపల జరిగేది ఇది. మనం ఏజెంటుకు పాస్‌వర్డ్ ఇవ్వము. స్పాటిఫై పేజీలో లాగిన్ అయి "అంగీకరిస్తున్నాను" అని నొక్కితే, ఆ సేవ టోకెన్ అనే తాత్కాలిక తాళంచెవిని ఇస్తుంది. స్పాటిఫైలో దాని గడువు ఒక గంట. గడువు తీరాక కొత్తది తెచ్చుకోవడానికి మరో టోకెన్ కూడా ఉంటుంది కాబట్టి, మనల్ని మళ్లీ అడగకుండానే పని సాగిపోతుంది. అకౌంట్ మారడమంటే ఏజెంటు ఒక తాళంచెవి పక్కన పెట్టి మరొకటి చేతికి తీసుకోవడమే. మాట్లాడుతున్నది తండ్రో కుమారుడో ఆ సేవకు తెలియదు. చేతిలో ఏ తాళంచెవి ఉంటే ఆ తలుపే తెరుచుకుంటుంది.

అందుకే పొరపాటు జరిగినా హెచ్చరిక రాదు. సాధన గదిలో "పాట పెట్టు" అన్నప్పుడు ఏజెంటు ఇంటి అకౌంట్‌లో ఉంటే, ఆ పాట ఇంట్లోని స్పీకరులో మోగవచ్చు. జాబితా నుండి పాటలు తీసేయమంటే, బృందమంతా నేర్చుకుంటున్న జాబితా నుండే పోవచ్చు. అంతకంటె బరువైన సంగతి మరొకటి ఉంది. ఒకరు ఈ మధ్య ఏమి విన్నారో చూసే అనుమతి కూడా టోకెన్‌తో రావచ్చు. దుఃఖంలో ఉన్న సహోదరి రాత్రివేళ ఒంటరిగా విన్న పాటలు ఇతరుల కంట పడవలసినవి కావు.

రెండో అకౌంట్‌ను కలిపేటప్పుడు ఒక చిక్కు తరచుగా వస్తుంది. బ్రౌజరులో మొదటి వ్యక్తి ఇంకా లాగిన్ అయి ఉంటే, అంగీకార పేజీ అతని పేరుననే సాగిపోతుంది. పనిముట్టులో పేర్లు రెండు కనిపిస్తాయి గాని రెండూ తెరిచేది ఒకే ఇల్లు. కాబట్టి ముందు లాగౌట్ కావాలి, లేదా ప్రైవేట్ విండోలో లాగిన్ కావాలి. నొక్కే ముందు పేజీలో ఎవరి పేరు ఉందో చదవాలి.

మా సలహాలు ఇవి. అకౌంట్లకు "ఒకటి", "రెండు" అని కాక "ఇల్లు", "సాధన" అని పేర్లు పెట్టండి. ఏదైనా మార్చే లేదా తీసేసే పని చెప్పే ముందు "ఇప్పుడు ఏ అకౌంట్‌లో ఉన్నావు?" అని ఏజెంటును అడగండి. పాటలు వినిపించడానికే అయితే జాబితాలు మార్చే అనుమతి ఇవ్వకండి. బాధ్యత మరొకరికి అప్పగించిన రోజునే, అకౌంట్ సెట్టింగులలోని యాప్‌ల పేజీలో పాత పనిముట్టుకు ఇచ్చిన అనుమతిని తొలగించండి. స్పాటిఫై వ్యక్తిగత వినియోగానికి ఉద్దేశించిన సేవ అని కూడా మరువకండి. కూటాల్లో వినిపించాలనుకుంటే ముందు నిబంధనలు చదవండి.

ఇవి చిన్న సంగతులే. కానీ మరొకరి పేరున ఒక పని జరిగితే, అది పాటల జాబితా అయినా సరే, ఆ పేరుకు మనం గృహనిర్వాహకులమే. చందా పెట్టె తాళం ఎవరి దగ్గర ఉందో ప్రతి సంఘానికీ తెలుసు. ఈ తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా సంఘ పెద్దలు ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం మంచిది. ఈ వారపు సాధనకు ముందే ఆ పని చేయవచ్చు.