అన్నం తూచి లెక్క చెప్పే చిన్న పరికరం

షుగరు వ్యాధి ఉన్నవారి ఇళ్లలో తరచుగా వినిపించే మాట "కొంచెమే తిన్నాను" అని. ఆ కొంచెం ఎంత? డాక్టరుగారు అడిగితే తిన్నవారూ చెప్పలేరు, వడ్డించినవారూ చెప్పలేరు. మీ ఇంట్లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న పిల్లలుంటే, ఆ లెక్క చెప్పే పరికరాన్ని వారే తయారు చేయగలరు.

కావలసినవి: 5 కిలోల లోడ్‌సెల్, హెచ్‌ఎక్స్711 బోర్డు, ఆర్డునో బోర్డు, చిన్న ఎల్.సి.డి. తెర, కొన్ని బటన్లు.

పనిచేసే విధానం: లోడ్‌సెల్ ఒక అల్యూమినియం కడ్డీ. ఒక చివర బిగించి, రెండో చివర మీద పళ్లెం పెడితే అది కంటికి కనబడనంతగా వంగుతుంది. దానికి అతికించిన సన్నని రేకుల విద్యుత్ నిరోధం ఆ వంపును బట్టి మారుతుంది. ఈ మార్పు చాలా స్వల్పం కనుక హెచ్‌ఎక్స్711 దాన్ని పెంచి, అంకెగా మార్చి ఆర్డునోకు అందిస్తుంది. మొదట 500 గ్రాముల తూకం రాయి పెట్టి, తెర మీద 500 వచ్చేలా సరిచేయాలి. భోజనం వేళ ఖాళీ పళ్లెం పెట్టి సున్నా చేసి, తరువాత వడ్డించాలి.

ముఖ్యంగా గమనించండి: పరికరానికి తెలిసేది బరువు మాత్రమే. పళ్లెంలో ఉన్నది అన్నమో, ఉప్మానో మనమే బటన్ నొక్కి చెప్పాలి. ఒక్కొక్క పదార్థం 100 గ్రాములలో పిండిపదార్థం ఎంతో ముందే అందులో నమోదు చేయాలి. పొరపాటు జరిగేది ఇక్కడే. 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. నీరు పీల్చుకుని ఉడికిన అన్నంలో అయితే సుమారు 28 గ్రాములే. బియ్యం అంకె వేసి అన్నం తూచితే, 200 గ్రాముల అన్నానికి 56 బదులు 156 చూపిస్తుంది. అది నమ్మి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు పుట్టి, స్పృహ కూడా తప్పవచ్చు.

అందుచేత మీ ఇంటి అన్నాన్నే పరీక్షించండి. గంజి వార్చకుండా వండిన 250 గ్రాముల బియ్యం 700 గ్రాముల అన్నమైందనుకోండి. ఆ బియ్యంలోని 195 గ్రాముల పిండిపదార్థాన్ని 7తో భాగిస్తే, 100 గ్రాముల అన్నానికి దాదాపు 28 వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు చూసేటప్పుడు కూడా, ఆ విలువ పచ్చి పదార్థానిదా, వండినదానిదా అని తప్పక చూడండి.

పరికరాన్ని తడి తగలనివ్వకండి. పూటపూటకూ వచ్చిన అంకెను, ఆనాటి షుగరు పరీక్ష ఫలితాన్ని ఒక నోటు పుస్తకంలో పక్కపక్కన రాయండి. వచ్చేసారి ఆస్పత్రికి ఆ పుస్తకం తీసుకురండి. ఈ అంకెలు చూసి మందుగాని, ఇన్సులిన్‌గాని మీ అంతట మీరు మార్చకండి. పళ్లెం ముందు కూర్చున్నవారిని తప్పు చేసినవారిలా చూడకండి. "కొంచెమే" అన్న మాటకు కొలత దొరకడమే ఈ పరికరం వల్ల కలిగే మేలు.