పోరగాళ్ల పాటల పత్రిక

మన షోలాపూర్ పూర్వభాగంలో నలుగురు పోరగాళ్లు పాటల మాసపత్రిక తీస్తామంటున్నారు. మొన్న ఆదివారం సలహాకు మా ఇంటికొచ్చిండ్రు. ర్యాప్ కట్టే పిల్లల గురించి, గణపతి ముందు లేజిం ఆడేవాళ్ల గురించి రాస్తారట. సంతోషమే.

"తెలుగులోనే అచ్చువేయండి" అన్నాను.

ఒక పిల్లగాడు తల గోక్కున్నాడు. "తాతా, తెలుగు మాట్లాడతం. చదవరాదు. మేం మరాఠీ బడిల చదివినం."

నాకు మాట రాలేదు. మా ఇంటామె బతుకమ్మ పాటలు నోటుబుక్కులో రాసిపెట్టుకుంది. మా మనవరాలు కూడా అవి చదవలేదు. నేను మిల్లు డ్యూటీలని తిరిగిన, పిల్లలకు అక్షరాలు నేర్పలేదు. తప్పు నాదే.

చివరకు ఇట్ల అనుకున్నాం. నెలకొక పాత పాట వేయాలి. పైన తెలుగు అక్షరాలు, కింద అదే పాట మరాఠీ అక్షరాల్లో. చివరి పేజీలో నేర్చుకోవడానికి నాలుగు తెలుగు అక్షరాలు. ఆ పేజీ నాది.

నూలి పున్నమికి, మార్కండేయ రథం కదిలే రోజుకు, మొదటి సంచిక తేవాలని వాళ్ల పట్టుదల. మీ ఇంట్లో పాడే ముసలమ్మ ఉంటే ఈ పిల్లల్ని కూర్చోబెట్టి ఒక పాట చెప్పించండి. వాళ్లు రాసుకుంటారు.