నది లేని ఊరు: టికాల్ నుంచి బుక్కరాయసముద్రం దాకా

పోయిన ఎపిసోడ్‌లో గ్వాటెమాలా బస్సుల గురించి చెప్పాను కదా, అమెరికాలో పాతబడిన స్కూల్ బస్సులు తెచ్చి, రంగులేసి, మన పల్లెవెలుగు కంటే ఘోరంగా జనాన్ని కుక్కి నడుపుతారని. కానీ కామెంట్లలో ఎక్కువమంది అడిగింది బస్సుల గురించి కాదు. "అన్నా, మాయన్లు అంటే మన మయుడి వంశమేనా? మయసభ కట్టిన మయుడు అక్కడికి పోయినాడంట కదా?" అని. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, "మాయమైపోయినారు కాబట్టే మాయన్లు" అని తేల్చేశాడు.

ముందు ఈ రెండూ తీసేద్దాం. మయుడికీ వాళ్లకీ ఏ సంబంధమూ లేదు. పేర్లలో శబ్దం కలిసింది, అంతే. ఆ పేరు యుకటాన్ వైపున్న మాయాపాన్ అనే పాత ఊరి పేరు నుంచి వ్యాపించిందంటారు. అప్పటివాళ్లు తమను తాము మేమంతా మాయా జాతి అని చెప్పుకున్నవాళ్లు కాదు. ఏ ఊరివాళ్లు ఆ ఊరివాళ్లే. వాళ్ల గుడి మన గోపురంలా ఉంది అంటే, క్రేన్ లేని కాలంలో ఎవరు ఎత్తుగా కట్టాలన్నా కింద వెడల్పు, పైన సన్నం, ఇంకో దారి లేదు. ఇక మాయమైపోవడం సంగతి. అది కొంచెం పెద్ద కథ. అందులో నా తప్పు కూడా ఉంది, చివర్లో చెప్తాను.

హూస్టన్‌లో మా అక్కావాళ్ల ఇంట్లో పది రోజులుండి, అక్కడి నుంచి గ్వాటెమాలా సిటీకి పోయాను. ఫ్లైట్ మూడు గంటలే. అక్కడి నుంచి ఉత్తరాన పెటెన్ అనే ప్రాంతం, అందులో ఫ్లోరెస్ అనే చిన్న ఊరు. ఊరంటే చెరువు మధ్యలో దీవి. ఫ్లోరెస్ నుంచి టికాల్ దాదాపు 65 కిలోమీటర్లు, అంతా అడవి. తెల్లవారకముందే బయల్దేరి, చీకట్లో టార్చి పట్టుకుని నడిచి, నాలుగో నంబర్ గుడి ఎక్కాను. దాని ఎత్తు 65 మీటర్లు, అంటే ఇరవై అంతస్తుల బిల్డింగు అనుకోండి. క్రీ.శ. 741 ప్రాంతంలో యికిన్ చాన్ కవీల్ అనే రాజు కాలంలో కట్టింది. వాళ్ల నాయన సమాధి మీద కట్టిన మొదటి నంబర్ గుడి 47 మీటర్లు ఉంటుంది. పైన కూర్చుంటే కింద పొగమంచు, మంచులోంచి పైకి లేచిన మూడు రాతి శిఖరాలు, ఎక్కడో కోతుల అరుపు. కోతి అంటే కిచకిచ అనుకునేరు, అవి పులి గాండ్రించినట్టు అరుస్తాయి. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో ఒక షాట్ ఈ గుడి మీద నుంచే తీశారు.

ఒక చిన్న మాట, మధ్యలో గుర్తొచ్చింది. ఆ గుళ్ల గుమ్మాలపైన అడ్డంగా వేసిన దూలాలు చెక్కవి. ఏ చెక్కో తెలుసా? సపోటా! మనం ఇంటెనక పెంచుకునే సపోటా చెట్టే. దాని సొంతూరు అదే, ఆ పేరూ అటు నుంచే వచ్చింది. పన్నెండు వందల ఏళ్లు దాటినా చెదలు పట్టలేదు. నాలుగో గుడిలోని చెక్కిన దూలాలు మాత్రం అక్కడ లేవు, స్విట్జర్లాండులో బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. దాని మీద నా అభిప్రాయం మీకు చెప్పక్కర్లేదు. మన ఎండుమిరపకాయ తాతముత్తాతలదీ ఆ చుట్టుపక్కలే, మెక్సికో వైపు. అంటే మా అవ్వ చేసే ఊరుబిండిలో సగం ఆ ఖండానిదే.

సరే, అసలు విషయానికి వద్దాం.

గుడి దిగినాక నాతో వచ్చిన గైడ్, నలభై ఏళ్లుంటాయి, కెక్చి అనే మాయా భాష మాట్లాడే మనిషి, నన్ను ఒక గుంత దగ్గరికి తీసుకుపోయాడు. చుట్టూ చెట్లు, అడుగున కొంచెం బురద. మిగతా టూరిస్టులు ఆగను కూడా ఆగలేదు. "ఇది చూడకుండా పోతే టికాల్ చూసినట్టు కాదు" అన్నాడు. తర్వాత అడిగాడు, "మీ ఊర్లో నది ఉందా?" ఉంది, పెన్న అన్నాను. "నీళ్లున్నాయా?" ఇసుక ఉంది అన్నాను. ఆయన నవ్వలేదు. "మాకు ఇసుక కూడా లేదు" అన్నాడు.

నిజమే. టికాల్‌కు నది లేదు, పక్కన చెరువు లేదు, బావి తవ్వితే నీళ్లు పడవు. కింద మొత్తం సున్నపురాయి. వాన పడిందా, జల్లెడలో పోసినట్టు కిందికి జారిపోతుంది. వాన తక్కువ కాదు సుమా. మా అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే, అక్కడ దానికి మూడింతలు పైనే. కానీ పడేటప్పుడు కుమ్మేస్తుంది, తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు. అలాంటి చోట పదుల వేల మంది వందల ఏళ్లు బతికారు.

ఎలా? ఊరినే ఒక మిద్దెలా కట్టారు. మీ మిద్దె మీద నీళ్లు ఒక మూలకు పోవడానికి మేస్త్రి వాటం పెడతాడు కదా, అలా ఆ పెద్ద పెద్ద రాతి ముంగిళ్లన్నింటికీ వాటం పెట్టారు. సున్నం గట్టిగా పూశారు, ఇంకకుండా. గుళ్ల ముందు పడ్డ ప్రతి చుక్కా జారి జారి చెరువులోకి పోవాల్సిందే. గుడి కట్టడానికి రాయి తీసిన గుంతే చెరువు అయింది. ప్యాలెస్ చెరువు కట్ట 2012లో బయటపడ్డ వివరాల ప్రకారం 80 మీటర్ల పొడవు, 10 మీటర్ల ఎత్తు, దాదాపు ఏడున్నర కోట్ల లీటర్లు ఆపేది. మనకు అర్థమయ్యే లెక్కలో చెప్తాను: 5,000 లీటర్ల ట్రాక్టర్ ట్యాంకర్లు పదిహేను వేలు. కట్ట మీదే రోడ్డు. ఇంకో చెరువు, కొరియెంటాల్ అని, అందులోకి నీళ్లు వచ్చే దారిలో జియోలైట్ అనే ఖనిజం, స్ఫటికపు ఇసుక కలిపి వడపోత పెట్టారని 2020లో తేల్చారు. ఆ రాయి అక్కడ దొరకదు, దూరం నుంచి మోసుకొచ్చారు. ఇప్పుడు మన ఇళ్లలో నీళ్ల ఫిల్టర్లలో వాడే రకమే.

నేను అక్కడ నిలబడి ఆలోచించింది టికాల్ గురించి కాదు. మా నాయన నాలుగు బోర్లు వేయించాడు. నాలుగోది 800 అడుగులు పోయినా దుమ్మే లేచింది. బోరు బండివాడు అడుగుకింత అని లెక్క కట్టి తీసుకున్నాడు, నీళ్లు పడితే ఒక రేటు, పడకపోతే ఒక రేటు అని ఉండదు కదా. నేను బీటెక్ అయిపోయి ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ల జీతం ఆ అప్పుకే పోయింది. ఇప్పుడు ఐదో బోరు వేద్దామంటాడు. నేను వద్దంటాను. ఇంట్లో ఆ మాట ఎత్తితే అన్నం సహించదు.

తిరిగొచ్చాక మొదట చేసిన పని బుక్కరాయసముద్రం పోవడం. అనంతపురం టౌను పక్కనే, చిన్నప్పటి నుంచి బస్సులో కొన్ని వందలసార్లు దాటి ఉంటాను. ఒక్కసారి కూడా దిగి కట్ట ఎక్కలేదు. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్టించిన చెరువు అది. మా ఊరి పేరుకు మూలమైన అనంతసాగరం కూడా ఆయన పేరుతోనే చెప్తారు. ముసలమ్మ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలి అయితేనే నిలుస్తుందని మాట వినిపిస్తే, ఆమె వెళ్లి ఆ గండిలో నిలబడింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాన్నే 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. ఇది జరిగిందా లేదా అని నన్ను అడక్కండి. ఒక్కటి మాత్రం ఆ కట్ట మీద నిలబడితే అర్థమవుతుంది. చెరువు కట్ట తెగడమంటే ఎంత భయమో, ఆ భయం లేని ఊరు ఇలాంటి కథ పుట్టించదు.

ఇంతకంటే నన్ను పట్టుకున్నది కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి, ఎలా కట్టాడో రాతి మీద చెక్కించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పాడు: గట్టి నేల ఉండాలి, తియ్యటి నీటి నది ఉండాలి, ఆనుకోవడానికి కొండ ఉండాలి, కట్ట రాతితో గట్టిగా ఉండాలి, మరీ పొడవు కాకూడదు, దగ్గర్లో రాయి దొరకాలి, నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, ఇలా. తర్వాత ఆరు దోషాలు. కట్ట కారడం, చౌడు నేల, చెరువు మధ్యలో మిట్ట, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. నీళ్లు ఎక్కువై పొలం తక్కువ కావడం. ఇంకోటి వినండి: నీళ్లు తక్కువ, తడపాల్సిన పొలం ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌లో మేము రాసే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లు ఇంత బాగా ఉండవు, ఒట్టు. ఆ దోషం ఫోన్‌లో రాసుకుని మా నాయనకు చదివి వినిపించాను. "రాయి మీద రాసినోడికి అప్పు లేదులే" అన్నాడు.

ఇప్పుడు నా తప్పు. టికాల్ మొదటి వీడియోలో "కరువు వచ్చింది, మాయా నాగరికత అంతమైపోయింది" అని ఒక్క ముక్కలో చెప్పేశాను. అది సగమే నిజం. కరువు వచ్చిందన్నది గట్టి సంగతే. యుకటాన్‌లో చిచాంకనాబ్ అనే చెరువు అడుగున పొరలు తీసి చూశారు. నీళ్లు ఆవిరైపోయినప్పుడల్లా జిప్సమ్ పేరుకుంటుంది, మన ఎండిన చెరువులో తెల్లగా చౌడు తేలినట్టు. క్రీ.శ. 800 నుంచి 1000 మధ్య ఆ తెల్ల పొరలు బాగా కనబడ్డాయి. టికాల్‌లో తేదీ వేసిన చివరి శిల 869 నాటిది.

కానీ వాన ఒక్కటే ముంచలేదు. 2020లోనే వచ్చిన ఇంకో పరిశోధనలో, రాజు ఇంటి పక్కనున్న చెరువుల మట్టిలో పాదరసం, విషం పుట్టించే నాచు జాడలు దొరికాయి. గుళ్లకు, గోడలకు ఎర్రగా పూసిన రంగు సింధూరం, అందులో పాదరసం ఉంటుంది. వానకు కడుక్కుని చెరువులోకి వచ్చింది. చుక్క కూడా పోకూడదని అన్నీ చెరువు వైపే వాటం పెట్టారు కదా, నీళ్లతో పాటు మురికి కూడా ఆ దారినే వచ్చింది. చివరి రోజుల్లో చెరువులో నీళ్లున్నా తాగే పరిస్థితి లేదన్నమాట. దానికి తోడు రాజుల మధ్య యుద్ధాలు. ఊరు ఖాళీ అయింది, ఒక్కరోజులో కాదు, తరాలు పట్టింది.

ఖాళీ అయింది ఊరు. మనుషులు కాదు. ఉత్తరాన చిచెన్ ఇట్జా లాంటి ఊర్లు ఆ తర్వాతే వెలిగాయి. నేను రాత్రి పడుకున్న ఫ్లోరెస్ దీవి ఉంది చూడండి, అది ఇట్జా మాయా రాజుల రాజధాని, స్పెయిన్ వాళ్లకు చిక్కింది 1697లో. టికాల్ వదిలేసి ఎనిమిది వందల ఏళ్లయ్యాక! ఇవాళ గ్వాటెమాలాలో 22 మాయా భాషలు మాట్లాడతారు. మా గైడ్‌ను "మీవాళ్లు ఎక్కడికి మాయమయ్యారు?" అని నేనే తెలివిగా అడిగితే, టోర్టియా నముల్తూ "టికెట్ ఎవరి దగ్గర కొన్నావు?" అన్నాడు.

మా ఊర్లో వంద ఇళ్లుంటే ముప్పై ఇళ్లకు తాళాలు. బెంగళూరు పోయారు. ఆ తాళాలు చూసి వీడియోలు తీసినవాళ్లు "ఎడారి అయిపోతున్న అనంతపురం" అని టైటిల్ పెడతారు. నేనూ ఒకసారి పెట్టాను, వ్యూస్ బాగా వచ్చాయి. ఆ వీడియో టైటిల్ నిన్న మార్చాను.

నాయనతో మాత్రం సగం ఒప్పందం కుదిరింది. ఐదో బోరు ఈ ఏడాదికి ఆగింది. పొలం కింది మూల, వాలు ఎటుందో చూసి, ఒక కుంట తవ్విస్తున్నాం. ఇటాచి వాడు బుధవారం వస్తానన్నాడు. వాన పడితే ఫుటేజ్ పెడతాను, పడకపోయినా పెడతాను. మీ ఊరి చెరువుకు ఎవరు కట్టించారో, ఏం కథ ఉందో తెలిస్తే కింద రాయండి. మయుడు కట్టించాడని మాత్రం రాయొద్దు.