గద్దర్ భుజంపై గొంగడి ఎందుకు? ఆ వేషం వెనుక కథ ఇదీ!

గద్దర్ పాత వీడియో ఏది చూసినా ముందు కంటపడేది ఆ వేషమే. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఇది స్టేజీ కోసం కుట్టించిన డ్రెస్ కాదు. గొర్రె ఉన్నితో నేసే గొంగడి తెలంగాణ గొర్ల కాపరులు రోజూ వాడేదే. వానొస్తే గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పరుపు. గజ్జెలేమో ఊరూరా కథలు చెప్పే కళాకారులవి.

నిజానికి గద్దర్ గొర్ల కాపరేం కాదు. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, కెనరా బ్యాంకు ఉద్యోగి. జన నాట్యమండలి కోసం ఆ కొలువు వదిలేశారు. బ్యాంకు బట్టల్లో పాడితే కూలీలు వినేవారేమో కానీ, తమవాడు అనుకునేవారా? తమ ఒంటిమీది గొంగడే పాటగాడి భుజాన కనిపించేసరికి ఆ దూరం పోయింది. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూశారు. అంతకు కొన్నేళ్ల ముందు గొంగడి వదిలి ప్యాంటు, షర్టు వేసుకుంటే అదీ పెద్ద వార్తే అయింది.