భయమా? సమాధానమా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నాయి. ఎన్నికలు దగ్గరపడితే చాలు, సంఘస్థుల ఫోన్లలోకి భయపెట్టే వాట్సాప్ సందేశాలు వచ్చిపడతాయి. అన్నీ అబద్ధాలని మేము అనం. దేశంలో ఆరాధనలకు ఆటంకాలు కలిగిన మాట నిజం. అయితే పొరుగువాణ్ణి భయంతో చూసేవాడు అతనికి క్రీస్తును ఎలా చూపించగలడు?

ఈ ప్రాంతంలో సువార్త పని చేసినవారిలో మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు ముఖ్యులు. 1525లో జ్యూరిక్‌లో మొదలైన అనాబాప్టిస్టు ఉద్యమానికి వారు వారసులు. 1569లో నెదర్లాండ్స్‌లో ఆ విశ్వాసానికి చెందిన డర్క్ విల్లెమ్స్ చెరనుండి తప్పించుకొని పారిపోతుండగా, తరుముతున్నవాడు మంచు పగిలి నీళ్లలో పడ్డాడు. డర్క్ వెనుదిరిగి అతణ్ణి పైకి లాగాడు. అందుకే పట్టుబడి, సజీవదహనమయ్యాడు.

సమాధానమంటే నోరు మూసుకోవడం కాదు. పౌలు తాను రోమా పౌరుడనని చెప్పి కొరడా దెబ్బలను ఆపాడు (అపొ. కా. 22). మనకు రాజ్యాంగం 25వ అధికరణం ఉంది. ఆటంకం కలిగితే పెద్దలు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, గుంపుగా ఎదురుతిరగకూడదు. నిజమో కాదో తెలియని సందేశాన్ని ఇంకొకరికి పంపకూడదు. ప్రసంగ వేదిక మీద పార్టీ పేరు ఎత్తకూడదు. వేరే గుర్తుకు ఓటేసిన సహోదరుడు కూడా మనతో ప్రభువు బల్లలో పాలివాడే. హిందూ, ముస్లిం పొరుగువారి పెళ్లికైనా చావుకైనా ఎప్పటిలాగే వెళ్లాలి.

తమను చెరపట్టిన బబులోను క్షేమం కోసమే ప్రార్థించమని యిర్మీయా యూదులకు రాశాడు (29:7). మనమున్నది చెరలో కాదు, సొంత ఊళ్లో. ఈ ఆదివారం ఆ ఊరి కోసం, అందరి పేరునా, ప్రార్థిద్దాం.