తీర్పు తరువాత ప్రాసిక్యూటరు ధర్మము

నేరము చేసినవాడు తప్పించుకొనుట కీడు. చేయనివాడు శిక్ష ననుభవించుట అంతకంటె కీడు. ఏలయన నిరపరాధి చెరసాలలో నుండగా అసలు దోషి వెలుపల స్వేచ్ఛగా తిరుగుచునే యుండును.

ప్రభుత్వ పక్షమున వాదించు ప్రాసిక్యూటరు పని శిక్ష వేయించుటయే యని పలువురు తలంతురు. అది సరికాదు. ఎట్లైనను శిక్ష పడవలెనను ఆరాటము ఆ పదవికి తగదని మన సుప్రీంకోర్టు 1999లో శివకుమార్, హుకుంచంద్‌ల వ్యాజ్యమున స్పష్టపరచినది. అయినచో, తీర్పు వెలువడిన పిమ్మట పొరపాటు బయటపడిన యెడల ఆతడేమి చేయవలెను?

1954 వరకు మన యానాం ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను గదా! ఆ దేశ చరిత్రలోనే దీనికి గొప్ప నిదర్శనము కలదు. డ్రైఫస్ అను సైనికాధికారి దేశద్రోహి యని 1894లో సైనిక న్యాయస్థానము నిర్ణయించి, ఆతనిని ద్వీపాంతరమునకు పంపినది. నేరమునకు ఆధారమైన చీటీలోని దస్తూరి వేరొకరిదని తరువాత తేలినది. తుదకు 1906లో అత్యున్నత న్యాయస్థానమున ప్రభుత్వ న్యాయవాది బోదువాఁ తానే ఆ శిక్షను రద్దు చేయుమని వాదించెను. జూలై 12వ తేదీన అది రద్దయ్యెను.

అమెరికాలో ఈ పనికి ప్రత్యేక శాఖలు వెలసినవి. 2007లో డల్లాస్ నగరమున క్రేగ్ వాట్కిన్స్ అను ప్రాసిక్యూటరు అట్టి శాఖను నెలకొల్పెను. దాని విధానమును స్థూలముగా చెప్పుదుము. ఖైదీ విన్నపము చేసికొనును. ఆ కేసును మునుపు నడపని న్యాయవాదులు పాత దస్త్రమును తెరచి, ఎదుటి పక్షమునకును చూపుదురు. దాచియుంచిన రక్తము, వెంట్రుకలు మున్నగు వానిని డి.ఎన్.ఏ. పరీక్షకు పంపుదురు. సాక్షుల మాటలను, ఒప్పుకోలును మరల తూచి చూతురు. అనుమానము బలపడినచో న్యాయస్థానమునకు నివేదింతురు. తుది నిర్ణయము న్యాయాధిపతిదే.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన పొరుగు రాష్ట్రమున జరిగిన సంగతి వినుడు. 2007 డిసెంబరులో విజయవాడ చేరువ ఇబ్రహీంపట్నమున ఒక విద్యార్థిని హత్యకు గురియయ్యెను. మరుసటి యేడు ఒక పేద యువకుని పట్టుకొనిరి. 2010లో ఆతనికి శిక్ష పడెను. 2017 మార్చి 31న హైకోర్టు ఆతనిని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు చెల్లింపుమనెను. 2018లో దర్యాప్తు సి.బి.ఐ.కి అప్పగింపబడెను. అప్పటికే ఆ యువకుని యౌవనములో ఎనిమిదేండ్లు గడచిపోయినవి. ఆ కుటుంబమునకు లక్ష రూపాయలు ఎట్లు సరిపోవును? బిడ్డను గోల్పోయిన తల్లిదండ్రులకు మాత్రము న్యాయమెక్కడ దొరకినది?

ఇక్కడ పొరపాటును దిద్దినది అప్పీలు. ప్రాసిక్యూటరు కార్యాలయము గాదు. మన దేశమున ముగిసిన కేసులను తిరిగి చూచుటకై ప్రాసిక్యూటర్లకు ప్రత్యేక శాఖ యేర్పడలేదు. సెషన్సు కోర్టు శిక్షించినచో యానాంవారు మద్రాసు హైకోర్టు నాశ్రయింపవలెను. అంత దూరము పోలేని పేదవాని మొర ఆలకించువా రెవరు? అన్యాయముగ నిందితులైన వారికి పరిహారము చట్టరీత్యా లభింపవలెనని లా కమిషను 2018లో తన 277వ నివేదికలో సూచించినది. పరిహారము మంచిదే, పొరపాటును త్వరగా కనుగొనుట అంతకంటె మంచిది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు న్యాయవాదులు కాగలరు. గెలిచిన కేసును సైతము సందేహము కలిగిననాడు మరల తెరచి చూచు ధైర్యమును ఇప్పటినుండియే అలవరచుకొనుడని మా కోరిక.